పట్టులో పడుచు, పూలమీద ముసలి

నువ్వుచేలో పువ్వు లోపలికి తల దూర్చి, వెనక కాళ్లకు పుప్పొడి ముద్దలు అంటించుకుని, ఒక్క క్షణం నిలవకుండా తిరిగే తేనెటీగను చూస్తే మంచి పడుచుదనం మీద ఉందనిపిస్తుంది. నిజానికి అది ముసలిది. గుడ్డు పెట్టిన రోజు నుంచి లెక్కేస్తే దాని ఆయుష్షులో మూడింట రెండు వంతులు అప్పటికే అయిపోయి ఉంటుంది. మహా అయితే ఇంకో రెండు మూడు వారాలు బతుకుతుంది. పిల్లలూ పడుచులూ పూలమీదికి రారు. పూలు, మకరందం, ఝుంకారం అంటూ మనం తేనెటీగ చుట్టూ అల్లుకున్నదంతా ఆ చివరి రెండు మూడు వారాలను చూసి అల్లుకున్నదే. అంతకుముందు అయిదారు వారాలపాటు దాని బతుకు చీకటి పట్టులో, మన కంటికి కనబడకుండా సాగిపోతుంది. విశేషమంతా అక్కడే ఉంది.

ఇంకో సంగతి. ఆ ఈగ పుట్టి చాలా రోజులైంది కాబట్టి ముసలిదైంది అనుకోవడం సగమే నిజం. బయటి పనికి దిగింది కాబట్టి ముసలిదైంది అనడం దానికన్నా ఎక్కువ నిజం. ఈ మాట గాలిలోంచి తీసింది కాదు. దీని వెనక దాదాపు వందేళ్ల ప్రయోగాలున్నాయి.

ముందు ఏ ఈగ గురించి మాట్లాడుతున్నామో చెప్పుకోవాలి. కొండ చరియలకు, నీళ్ల ట్యాంకులకు, పెద్ద భవనాల సజ్జాల కింద ఒకే ఒక పెద్ద పట్టు వేలాడదీసేది కొండ తేనెటీగ. దాని జోలికి పోకపోవడమే క్షేమం. కంచెల్లో, పొదల్లో అరచేతంత పట్టు పెట్టేది చిన్న జుంటీగ. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, పాడుబడ్డ గోడల సందుల్లో పలక పక్కన పలకగా పట్టులు కట్టేది పుట్ట తేనెటీగ. శాస్త్రజ్ఞులు దీన్ని ఎపిస్ సెరానా అంటారు. పెట్టెలో పెట్టి పెంచడానికి లొంగేది ఇదీ, 1960ల్లో ఉత్తరాదిన కాలూని తర్వాత దేశమంతా పాకిన ఐరోపా ఈగా. ప్రయోగాలన్నీ ఎక్కువగా ఐరోపా ఈగమీదే జరిగాయి. మన పుట్ట తేనెటీగ కథా చాలావరకు అదే. అంకెల్లో మాత్రం కొద్దిగా తేడా ఉంది. ఐరోపా కూలీ ఈగ గుడ్డు నుంచి రెక్కల ఈగ కావడానికి 21 రోజులు పడితే, మనదానికి 18 నుంచి 20 రోజులు చాలు.

కథ రాణి ఈగతో మొదలవుతుంది. ఆమె ఒక్కో మైనపు గదిలోకి తల పెట్టి, ముంగాళ్లతో దాని వెడల్పు చూసుకుంటుంది. ఇరుకు గదైతే, గుడ్డు బయటికి జారేటప్పుడు తన దగ్గర దాచుకున్న వీర్యం కొద్దిగా దానికి తగలనిస్తుంది. అది ఆడపిల్ల, అంటే కూలీ ఈగ. వెడల్పాటి గదైతే వీర్యం తగలనివ్వదు. అది పోతుటీగ అవుతుంది. పోతుటీగకు తండ్రి ఉండడు, తల్లి వైపు తాత మాత్రం ఉంటాడు. సైలీషియాలోని ఒక పల్లెలో క్రైస్తవ పూజారిగా ఉంటూ తేనెటీగలు పెంచిన యాన్ జియర్జోన్ 1845లో ఈ సంగతి చెబితే చాలామంది నమ్మలేదు. తర్వాత అదే రుజువైంది.

గుడ్డు బియ్యపు గింజ ముక్కలా తెల్లగా, ఒకటిన్నర మిల్లీమీటరు పొడవుంటుంది. బరువు మిల్లీగ్రాములో పదో వంతు. మూడో రోజు దాటేసరికి అందులోంచి కళ్లూ కాళ్లూ లేని పిల్లపురుగు వస్తుంది. దానికి తినడం తప్ప వేరే పని లేదు. దాది ఈగలు గదిలోకి తల దూర్చి, తమ తల లోపలి గ్రంథుల్లో ఊరే పాలలాంటి ద్రవాన్ని దాని ముందు పోస్తుంటాయి. అయిదారు రోజుల్లో దాని బరువు వెయ్యి రెట్లకు మించి పెరుగుతుంది. ఇంత తిన్నా గది మాత్రం మురికి కాదు. పిల్లపురుగు కడుపులో జీర్ణకోశానికీ మలద్వారానికీ మధ్య దారి మేత ముగిసేదాకా మూసే ఉంటుంది. చివర్లో ఒక్కసారే తెరుచుకుంటుంది. తన అన్నంలోనే ఈదే పసిదానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు.

రాణి ఎవరు, కూలీ ఎవరు అన్నది తేలేది ఈ రోజుల్లోనే. రెండూ ఒకే రకం గుడ్లు. మూడు రోజుల లోపు ఏ ఆడ పిల్లపురుగునైనా తీసి రాణి గదిలో పెడితే రాణిగానే పెరుగుతుంది. రాణుల్ని తయారుచేసి అమ్మేవాళ్ల వ్యాపారమంతా దీనిమీదే నడుస్తుంది. రాణి కాబోయేదానికి చివరిదాకా రాజాహారం (రాయల్ జెల్లీ) కావలసినంత అందుతుంది. కూలీ కాబోయేదానికి మూడో రోజు తర్వాత గ్రంథిపాలు తగ్గించి, తేనె, పులిసిన పుప్పొడి కలుపుతారు. రాజాహారంలో ఏదో మహత్తు ఉందని సీసాల్లో పోసి అమ్మేవాళ్లు ఈ కథను ఒక వైపు నుంచే చెబుతారు. రాణికి ఏం పెట్టారన్నదానితో పాటు కూలీకి ఏం తగ్గించారన్నదీ అంతే ముఖ్యం.

ఈ తిండి తేడా లోపల ఏం చేస్తుందో కొంతవరకు 2008లో తెలిసింది. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో రిషార్డ్ మలెష్కా బృందం అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగుల్లో ఒక ఎంజైమును అణిచేసింది. డీఎన్‌ఏ మీద చిన్న రసాయన గుర్తులు అతికించి కొన్ని జన్యువుల నోరు నొక్కేసే ఎంజైము అది. రాజాహారం లేకుండానే వాటిలో ఎక్కువ భాగం రాణి లక్షణాలతో, ఎదిగిన అండాశయాలతో బయటికొచ్చాయి. అంటే కూలీ ఈగలో రాణి లేకపోలేదు, దాన్ని మూసిపెట్టారు. పెద్దయ్యాక కూడా కూలీకి అండాశయాలుంటాయి. రాణి అండాశయంలో నూట యాభైకి పైగా నాళికలుంటే, కూలీలో వేళ్లమీద లెక్కపెట్టేన్ని. రాణి చచ్చిపోయి కొత్త రాణి తయారు కాకపోతే కొన్ని కూలీలు గుడ్లు పెట్టడం మొదలెడతాయి. మగతోడు ఎరగనివి కనుక వాటినుంచి పుట్టేవన్నీ పోతుటీగలే. మన పుట్ట తేనెటీగ ఈ విషయంలో ఐరోపా ఈగకన్నా తొందరపాటు మనిషి. రాణి పోయిన కొద్ది రోజులకే గుడ్లకు సిద్ధమైపోతుంది. పెంపకందారుకు అది చేటు కబురు.

దక్షిణాదిలో పాత తేనె పెంపకందారులెవర్ని కదిపినా 1990ల తొలినాళ్ల గురించి చెబుతారు. థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు పుట్ట తేనెటీగల పిల్లపురుగులమీద పడింది. మూత వేసే వయసుకొచ్చిన పిల్ల తల పైకెత్తి గదిలోనే చచ్చిపోతుంది. చిన్న చిమటాతో పైకి లాగితే నీళ్లు నిండిన సంచిలా వస్తుంది. పెద్ద ఈగలు బతికే ఉంటాయి, కానీ వాటి తర్వాత పని అందుకునే తరం ఉండదు. వేలాది పెట్టెలు ఖాళీ అయ్యాయి. ఐరోపా ఈగకు దక్షిణాదిలో తలుపులు బార్లా తెరుచుకోవడానికి అదొక కారణం.

జబ్బు తగలని పిల్లపురుగు అయిదో రోజుకు గది నిండా పెరుగుతుంది. దాదులు గదికి మైనపు మూత వేస్తాయి. తేనె గది మూతలా గాలి చొరనిది కాదు ఇది. కొంచెం ఉబ్బెత్తుగా, గరుగ్గా, గాలి ఆడేలా ఉంటుంది. లోపల పురుగు పట్టుగూడు అల్లుకుని, ప్యూపాగా మారి, పదకొండు రోజులు కదలకుండా ఉంటుంది. పాత పట్టు నల్లబడటానికి కారణం ఈ గూళ్లే. ఒక్కో తరం పోతూ పోతూ తన పొరను గోడకు అంటించి పోతుంది.

కదలదు గాని, ఈ పదకొండు రోజుల్లో దాని తెలివితేటలు కూడా ఖరారవుతాయి. పిల్లల గదుల దగ్గర వేడి 34 నుంచి 36 డిగ్రీల మధ్య నిలబెట్టడానికి కూలీలు పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. చల్లబడితే రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను వణికించి ఒళ్లు కాచుకుంటాయి. కొన్ని ఈగలు ఖాళీ గదుల్లోకి తల ముందుపెట్టి దూరి పక్కనున్న ప్యూపాలకు ఆ వేడి అందిస్తాయి. వేడెక్కితే నీళ్లు తెచ్చి చల్లి రెక్కలతో విసురుతాయి. ఒకటి రెండు డిగ్రీలకు ఇంత హైరానా ఎందుకు? జర్మనీలోని వూర్ట్స్‌బర్గ్‌లో యూర్గెన్ టౌట్స్ బృందం ప్యూపాలను వేర్వేరు వేడుల్లో పొదిగించి చూసింది. 2003లో ఫలితాలు ప్రకటించారు. 32 డిగ్రీల్లో పెరిగినవి చూడటానికి ఆరోగ్యంగానే ఉన్నాయి. కానీ పెద్దయ్యాక 36 డిగ్రీల్లో పెరిగినవాటికన్నా వాటి నాట్యం మందకొడి, పాఠం నేర్చుకోవడమూ మందకొడే.

చివరికి పిల్ల ఈగ తన మూత తానే కొరుక్కుని బయటికి వస్తుంది. ఒళ్లంతా లేత నూగు. చర్మం ఇంకా గట్టిపడలేదు, ఎగరలేదు, కుట్టలేదు. వచ్చీ రాగానే ఆకలితో పెద్దవాటి నోటి ముందు నాలుక చాస్తుంది. కడుపు నిండాక మొదలుపెట్టే పని గదులు శుభ్రం చేయడం. ఒకటి రెండు వారాల వయసు మధ్య తలలోని పాలగ్రంథులు ఉబ్బి దాది అవుతుంది. ఆ గ్రంథులు వాడిపోయేనాటికి పొట్ట కింద మైనం గ్రంథులు నాలుగు జతలు పనిలోకి వస్తాయి. కొత్త గదులు కడుతుంది, బయటి ఈగలు తెచ్చిన మకరందం అందుకుని నీరు ఇగిరేలా నోటితో ఆడించి తేనె చేస్తుంది, పుప్పొడిని గదుల్లో తలతో కూరుతుంది. మూడో వారంలో గుమ్మం దగ్గర కాపలా. ఆ తర్వాత పూలు. ఈ వరసను 1920ల్లో మొదట పద్ధతిగా గుర్తించింది కార్ల్ ఫన్ ఫ్రిష్ శిష్యుడు జి. ఎ. ర్యోష్. పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ ఆ పట్టికే వేస్తారు: ఇన్నో రోజు ఈ పని, ఇన్నో రోజు ఆ పని. గవర్నమెంటు ఆఫీసులో ప్రమోషన్ల జాబితాలా చక్కగా ఉంటుంది.

ఆ చక్కదనాన్ని మొదట చెడగొట్టిన పెద్దమనిషి ఫ్రిష్ మరో శిష్యుడు మార్టిన్ లిండావర్. ఆయన గాజు పలకల పెట్టెలో 107 నంబరు రంగు చుక్క పెట్టిన ఒకే ఒక కూలీ ఈగను, అది పుట్టినప్పటినుంచీ కనిపెట్టి చూశాడు. మొత్తం 177 గంటల పరిశీలన. 1952లో అచ్చువేసిన ఆ లెక్కలో అందరూ ఆశించిన శ్రమజీవి కనబడలేదు. ఆ ఈగ దాదాపు 70 గంటలు ఊరికే కూర్చుంది. మరో 56 గంటలు పట్టంతా పచార్లు చేసింది. మిగిలిన సమయంలోనే గదులు తుడవడం, పిల్లలకు పాలు, మైనం పని వగైరా. అందులోనూ ఒకే రోజు రెండు మూడు రకాల పనులు కలగాపులగంగా చేసేది. పిల్లలకు బద్ధకం వదిలించడానికి తేనెటీగను ఉదాహరణ చెప్పే మాస్టర్లు ఈ కాగితం చదివి ఉండరు. అయితే ఆ పచార్లు వృథా కాదని లిండావరే అన్నాడు. ఎక్కడ ఏ గది మురికిగా ఉంది, ఏ పిల్ల ఆకలితో ఉందీ ఈగ తిరిగి చూసుకుంటేనే తెలుస్తుంది. చెప్పే మేస్త్రీ లేడు. రాణి పేరుకే రాణి, ఎవరికీ పని పురమాయించదు.

గుమ్మం దగ్గరి పనుల్లో మన పుట్ట తేనెటీగ తన సొంత పద్ధతులు చూపిస్తుంది. ఎండాకాలం పెట్టె ముందు నిలబడి రెక్కలతో విసిరే ఈగల్ని గమనిస్తే ఏ జాతో దూరం నుంచే చెప్పొచ్చు. ఐరోపా ఈగ లోపలికి తల పెట్టి లోపలి గాలిని బయటికి లాగుతుంది. పుట్ట తేనెటీగ బయటికి తల పెట్టి బయటి గాలిని లోపలికి తోస్తుంది. పెద్ద కందిరీగ వచ్చినప్పుడు ఐరోపా కాపలా ఈగ ఒక్కొక్కటిగా ఎదురెళ్లి తెగిపోతుంది. పుట్ట తేనెటీగలు వందల్లో ఒక్కసారి దానిమీద పడి ఉండకట్టి, కండరాలు వణికించి ముద్ద లోపలి వేడిని 46 డిగ్రీల దాకా లేపుతాయి. కందిరీగ ఉడికి చస్తుంది. ఈగలు ఇంకో రెండు డిగ్రీలు ఎక్కువ తట్టుకోగలవు గనక బతుకుతాయి. జపాన్‌లో ఒనో మసాతో బృందం బయటపెట్టిన యుద్ధవిద్య ఇది. ఆ బృందమే 2018లో దానికి అయ్యే ఖర్చును కూడా లెక్కగట్టింది. ఒకసారి ముద్దలో చేరిన ఈగ, చేరని తోటి ఈగకన్నా ముందే చచ్చిపోతోంది. పైగా రెండోసారి కందిరీగ వస్తే మళ్లీ అదే ముందుకు దూకుతోంది, వేడి ఎక్కువుండే నడిమధ్యకు. పుట్టిన తేదీ ఒకటే అయినా దీనికీ దాని జతకత్తెకూ వయసు ఇక ఒకటి కాదు.

కాపలా ఈగ కుట్టి చావడం అందరికీ తెలిసిందే. ముల్లుకు వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి, మన చర్మంలో దిగితే విషపు సంచితో సహా ఊడిపోతుంది. ఆ చోటునుంచి వచ్చే అరటిపండు వాసన మిగతావాటికి కబురు. తేనె తీసేవాళ్లు కుట్టినచోట పొగ పట్టించేది ఆ వాసన చెరపడానికే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎప్పుడు ఏ పనికి మారాలో ఈగకు ఎలా తెలుస్తుంది? రోజులు లెక్కపెట్టుకుంటుందా? అమెరికాలో జీన్ రాబిన్సన్ 1980ల చివర్లో దీనికి తిన్నగా ఒక పరీక్ష పెట్టాడు. అప్పుడే పుట్టిన ఈగలు మాత్రమే ఉన్న సంసారాలు తయారుచేశాడు. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరూ లేరు. రోజుల లెక్కే నిజమైతే మూడు వారాలపాటు ఎవరూ బయటికి పోకూడదు. కానీ వారం పది రోజుల వయసుకే కొన్ని పూలకు బయల్దేరాయి. వాటి రక్తంలో జువెనైల్ హార్మోన్ మోతాదు, మూడు వారాల ఈగలో ఉండాల్సినంత ఎక్కువగా ఉంది. తిరగేసి చూశారు. దాదుల్ని తీసేసి ముసలి ఈగల్ని మాత్రమే మిగిల్చారు. వాటిలో కొన్ని పూలు మానేసి ఇంట్లో కూర్చుని పిల్లలకు పాలివ్వడం మొదలుపెట్టాయి. హార్మోన్ తగ్గింది, ఎండిపోయిన పాలగ్రంథులు మళ్లీ ఉబ్బాయి.

ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం ఇదే. ఎందుకంటే ముసలితనం ఒక్కవైపే నడిచే దారి అని మనకు నమ్మకం. ఇక్కడ ఆ దారి వెనక్కి తిరిగింది.

దీని వెనక రెండు పదార్థాలున్నాయి. ఒకటి ఆ జువెనైల్ హార్మోన్. రెండోది వైటెల్లోజెనిన్ అనే ప్రొటీను. మామూలు కీటకాల్లో అది గుడ్డు పచ్చసొనకు పనికొచ్చేది. కూలీ ఈగ మామూలుగా గుడ్లు పెట్టదు కదా, అయినా దాది వయసులో దాన్ని ఒళ్లంతా నింపుకుంటుంది. పిల్లలకిచ్చే పాలు తయారయ్యేది దాంతోనే. అది ఒంట్లో ఉన్నన్నాళ్లు ఈగకు వ్యాధుల్ని తట్టుకునే శక్తి ఉంటుంది. నార్వే శాస్త్రవేత్త గ్రో ఆమ్‌డమ్, రాబర్ట్ పేజ్ తదితరులు చూపించింది ఇదీ: వైటెల్లోజెనిన్ తగ్గితే హార్మోన్ పెరుగుతుంది, హార్మోన్ పెరిగితే వైటెల్లోజెనిన్ ఇంకా తగ్గుతుంది. ఒకదాన్నొకటి అణిచే జంట. వైటెల్లోజెనిన్ జన్యువును అణిచేసిన ఈగలు తొందరగా పూలబాట పట్టాయి, తొందరగా చచ్చిపోయాయి. ఒకసారి బయటి పనికి దిగిన ఈగ ఒళ్లు తేలికైపోతుంది. ఒంట్లో దాచుకున్న ప్రొటీనంతా ఇంట్లోనే వదిలేసి పోయినట్టు. ఎటూ చావబోయే ఈగ వెంట అంత బలం పంపడం పట్టుకు దండగ అని కొందరు శాస్త్రజ్ఞుల వివరణ. వినడానికి కటువుగా ఉంది గాని, కాదనడానికి నాకు కారణం దొరకలేదు.

మరి బయట ఎందరున్నారో లోపలి పిల్లకు ఎవరు చెబుతారు? 2004లో ఫ్రాన్స్, అమెరికా శాస్త్రజ్ఞులు జవాబు కనిపెట్టారు. పూలకు పోయే ఈగల తేనెసంచిలో ఇథైల్ ఓలియేట్ అనే పదార్థం తయారవుతుంది. ఇంటికొచ్చాక అది లోపలి ఈగలకు చేరుతుంది. అది అందుతున్నంత కాలం పడుచు ఈగల ఎదుగుదల నెమ్మదిగా నడుస్తుంది. వానలో చిక్కుకునో, మందు కొట్టిన చేలో వాలో బయటి ఈగలు రాకుండా పోతే ఆ పదార్థం తగ్గుతుంది. లోపలివి ముందుగానే బయల్దేరతాయి. ఎవరూ పిలవలేదు. పెద్దవాళ్లు రాకపోవడమే పిలుపు.

2012లో వచ్చిన రెండు ఫలితాలు దీన్ని ఇంకాస్త లోతుకు తీసుకెళ్లాయి. ఆమ్‌డమ్, జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన ఆండ్రూ ఫైన్‌బర్గ్ కలిసి దాదుల మెదడులో, పూల ఈగల మెదడులో డీఎన్‌ఏ మీది రసాయన గుర్తులు పోల్చారు. తేడాలున్నాయి. పూల ఈగను మళ్లీ దాదిని చేస్తే ఆ గుర్తుల్లో కొన్ని దాది పద్ధతికి తిరిగొచ్చాయి. అదే కాలంలో ఆమ్‌డమ్ బృందం ఇంకోటి చూసింది. రెండు వారాలు పూలకు తిరిగిన ఈగకు కొత్త వాసన నేర్పడం కష్టం. అలాంటివాటిని దాది పనికి మళ్లిస్తే కొన్నింటికి నేర్చుకునే శక్తి తిరిగొచ్చింది. అన్నింటికీ కాదు. కానీ కొన్నింటికైనా రావడమే ఆశ్చర్యం.

ఇక ఆ చివరి ఘట్టం, పూలు. మెదడులో ఛత్రాకం ఆకారపు భాగాలు ఈ దశలో పెరుగుతాయి. సూర్యుడి స్థానం, దారి గుర్తులు, ఏ పువ్వు ఏ వేళకు మకరందం ఇస్తుందో అన్నీ గుర్తుపెట్టుకోవాలి మరి. మేత దొరికితే తిరిగొచ్చి నాట్యం చేస్తుంది. ఎనిమిది అంకె ఆకారంలో తిరుగుతూ, నడిమి గీతమీద పొట్ట ఊపుతూ పోతుంది. నిలువుకు ఆ గీత ఎంత వాలుగా ఉందో, సూర్యుడికి అంత పక్కన పూలున్నాయని. ఎంతసేపు ఊగితే అంత దూరం. దీన్ని చదివినందుకు ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మన ఈగలు ఈ భాష ఎలా మాట్లాడతాయో చూడటానికి లిండావర్ 1950ల మధ్యలో శ్రీలంక వచ్చాడు. ఆరుబయట పట్టు పెట్టే చిన్న జుంటీగ పట్టు నెత్తిమీద, బల్లపరుపు చోట నిలబడి తిన్నగా పూల దిక్కుకే చూపిస్తూ ఆడుతుంది. చీకట్లో ఉండే పుట్ట తేనెటీగ నిలువు పలకమీద, సూర్యుణ్ణి మనసులో పెట్టుకుని ఆడుతుంది. ఇటీవల బెంగళూరులో ఈ రెండింటినీ, కొండ తేనెటీగనూ పక్కపక్కన పోల్చారు. యాసలు తేలాయి. ఒకే దూరానికి, దగ్గరి మేత ఎరిగిన పుట్ట తేనెటీగ ఎక్కువసేపు ఊగుతుంది, దూరాలు తిరిగే కొండ తేనెటీగ తక్కువసేపు.

రాత్రి ఈ ముసలి ఈగలు నిద్రపోతాయి. వాల్టర్ కైజర్ 1980ల్లో గమనించాడు: మీసాలు వాలిపోతాయి, కండరాలు సడలుతాయి, కొన్ని ఒరిగిపోతాయి కూడా. దాది ఈగలకు రాత్రీ పగలూ తేడా లేదు, పని మధ్యలో ఎప్పుడు పడితే అప్పుడు కునుకు తీస్తాయి. పసిపిల్లల తల్లులకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

బయటి పని అందరూ సమానంగా చేయరు. రాబిన్సన్ ప్రయోగశాలలో ఈగల వీపులకు చిన్న రేడియో చిప్పులు అంటించి గుమ్మం దగ్గర లెక్కపెడితే, అయిదింట ఒక వంతు ఈగలు మొత్తం రాకపోకల్లో సగం చేస్తున్నాయి. ఆ పనిమంతుల్ని తీసేస్తే మిగిలినవాటిలో కొన్ని జోరు పెంచుతాయి. ఎవరెంత చేసినా ఒంటికి ఒక హద్దుంది. 1980ల తొలినాళ్లలో జర్మనీలో కట్టిన లెక్క ప్రకారం ఐరోపా ఈగ జీవితంలో దాదాపు 800 కిలోమీటర్లు ఎగిరి ఆగిపోతుంది. పది రోజుల్లో ఎగిరినా, నెలరోజుల్లో ఎగిరినా. రెక్కల కండరాలకు శక్తినిచ్చే యంత్రాంగం అరిగిపోతుంది. రెక్క అంచు చిరిగితే మళ్లీ అతుక్కోదు. ఇంత తిరిగినందుకు ఒక్క ఈగ వాటాకు వచ్చే తేనె చిన్న చెంచాలో పన్నెండో వంతు అని పెంపకందారుల అంచనా. చాలావరకు చేలోనే ఎక్కడో పడిపోతాయి. లోపల చచ్చినవాటిని ఈడ్చి బయట పడేయడానికి వేరే ఈగలుంటాయి, ఏ సమయంలో చూసినా నూటికి ఒకటి.

బయటి ఈగలు ఉండాల్సినదానికన్నా ముందే చస్తుంటే ఏమవుతుంది? సిడ్నీలో క్లింట్ పెర్రీ, ఆండ్రూ బారన్ తదితరులు 2015లో రేడియో చిప్పులతోనే దీన్ని చూశారు. లేత వయసులో బయల్దేరిన ఈగ పూల దగ్గరికి పోయే విడతలు తక్కువ, బతికేదీ తక్కువ. అది తొందరగా చస్తే దాని వెనక ఇంకా లేతది పోతుంది. కొన్నాళ్లకు పట్టులో రాణి ఉంటుంది, మూత వేసిన పిల్లలుంటాయి, తేనె కూడా ఉంటుంది, పోషించే పెద్ద ఈగలు మాత్రం ఉండవు. పూత మీదున్న పొద్దుతిరుగుడు చేలో పొద్దున్నే మందు కొట్టడం వల్ల జరిగే నష్టం ఆ రోజు చచ్చిన ఈగలతో ఆగదు. తప్పనిసరైతే సాయంత్రం ఈగలు ఇల్లు చేరాక కొట్టమని వ్యవసాయ శాఖవాళ్లు చెప్పేది ఇందుకే.

పని తగ్గితే ఆయుష్షు పెరుగుతుందన్నది కూడా ఇంతే నిజం. స్విట్జర్లాండ్‌లో అన్నా మౌరిజియో 1950లోనే చూపించింది. పుప్పొడి దండిగా ఉండి, పాలివ్వడానికి పిల్లలు లేకపోతే కూలీ ఈగ చాలా ఎక్కువ కాలం బతుకుతుంది. చలిదేశాల్లో శీతాకాలపు ఈగలు అయిదారు నెలలు నిలిచేది అలాగే. వాటి అక్కచెల్లెళ్లు ఎండాకాలంలో అయిదారు వారాలకే పోతాయి. మనకు మంచు లేదు. మన కరువుకాలం వాన. జూలై, ఆగస్టుల్లో పువ్వుంటే వాన, వాన లేకపోతే పువ్వు లేదు. పుప్పొడి నిండుకుంటే రాణి గుడ్లు తగ్గిస్తుంది. ఉన్న చిన్న పిల్లపురుగుల్లో కొన్నింటిని కూలీలే తినేస్తాయి. క్రూరంగా కనిపిస్తుంది గాని, ఆ ప్రొటీను పెద్ద పిల్లలకు పాలై చేరుతుంది.

పెంపకందారు ఈ రోజుల లెక్క నోటిమీద ఉంచుకోవాల్సింది ఇక్కడే. అరకు లోయలో వలిసెలు నవంబరులో పచ్చగా విరగబూస్తాయి. ఆ పూతకు పోయే ఈగ గుడ్డు, పెరుగుదల కలిపి 19 రోజులు, ఇంటి పనుల్లో ఇంకో 20 రోజులు, మొత్తం దాదాపు నలభై రోజుల వెనక పుట్టి ఉండాలి. అంటే నవంబరు మధ్య పూతకు అక్టోబరు మొదటి వారంలో రాణి గుడ్లు జోరుగా పెట్టాలి. అప్పటికి వానల్లో పస్తున్న రాణి ఆ జోరు అందుకోవాలంటే సెప్టెంబరులోనే పెట్టెలో పంచదార పాకం పెట్టాలి, పుప్పొడి చాలకపోతే దానికి బదులు పిండి పెట్టాలి, పాత నల్లటి పట్టులు తీసెయ్యాలి. కొత్తగా పెట్టెలు కొన్నవాళ్లు సాధారణంగా పూత చూశాక పాకం పోస్తారు. ఆ పాకంతో పెరిగిన పిల్లలు గుమ్మం దాటేది క్రిస్మస్ దగ్గరపడ్డాక, వలిసె చేలు కోతకొచ్చే వేళకు.